వన్‌టౌన్ నిదానం పాట

పోయిన నెలలో ఒక ఉదయం పేపరు లోపలి పేజీలో, బంగారం ధరకూ వాతావరణ సూచనకూ మధ్య ఇరికించిన నాలుగు లైన్ల వార్త ఒకటి కంటబడింది. డిస్కో రోజుల్లో లోకాన్ని ఊపేసిన ఒక నల్లజాతి అమెరికన్ గాయని కన్నుమూసిందని, చాలా ఏళ్లుగా పాడటం మానేసి ఇంటిపట్టునే ఉంటోందని, సోల్ అనే నల్లవాళ్ల బాణీలో అలాంటి గొంతు మళ్లీ రాలేదని రాశారు. పక్కనే తపాలా బిళ్లంత ఫోటో. నేను పేజీ తిప్పకుండా అలాగే చూస్తూ కూర్చోవడం చూసి మా ఆవిడ, ఎవరావిడ, తెలిసినావిడా అని అడిగింది. తెలిసినావిడే అన్నాను. పేరు ఇక్కడ రాయను. రాస్తే మీలో సగంమంది ఇది చదవడం ఆపేసి ఫోను తీసి ఆమె పాటలు వెతుక్కుంటారు, నాకు తెలుసు.

చావు వార్తలకు కళ్లనీళ్లు పెట్టుకునే మనిషిని కాను నేను. ఇంట్లోవాళ్లు నన్ను రాయి అంటారు, ఆ మాటకు నేనెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. ఆ వేళ నాకు వచ్చింది ఏడుపు కాదు, సిగ్గు. ఎందుకంటే, ఆ మహా గాయనిని విశాఖపట్నం వన్‌టౌన్‌లో మూడేళ్లపాటు అందరూ మగవాడనుకున్నారు. అలా అనుకునేటట్టు చేసింది నేను.

మాది సబ్బవరం దగ్గర పల్లె. మా వంశంలో నాగలి పట్టినవాళ్లే తప్ప స్క్రూడ్రైవరు పట్టినవాడు నాకు ముందు ఎవడూ లేడు. ఐటీఐలో రేడియో మెకానిక్ కోర్సు పూర్తిచేసి, డెబ్బైల చివర్లో పట్నం వచ్చి కంచరపాలెంలో మా పెద్దక్క ఇంట్లో దిగాను. బావ పోర్టులో పనిచేసేవాడు. ఆయనే తనకు తెలిసిన ఒక సాయిబు గారితో మాట్లాడి వన్‌టౌన్‌లోని ఆయన కొట్టులో నన్ను పెట్టించాడు. సాయిబు గారి నాన్నగారు గ్రామఫోన్లు బాగుచేసేవారట, ఆయన రేడియోలు బాగుచేసేవారు, నేను చేరేసరికి క్యాసెట్ల కాలం వచ్చింది. ఒక పక్క కొట్టులోంచి అత్తరు వాసన, గాలి మళ్లితే ఫిషింగ్ హార్బరు నుంచి ఎండుచేపల వాసన, మధ్యలో మా సాల్డరింగ్ పొగ. ఆ మూడూ కలిసిన వాసనే నాకు ఇప్పటికీ ఉద్యోగమంటే.

పాటలు రికార్డు చేయించుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. కావలసిన పాటలన్నీ చీటీ మీద రాసి, ఒక ఖాళీ క్యాసెట్టు జతచేసి ఇచ్చి వెళితే, మేం గ్రామఫోన్ ప్లేట్ల మీంచి ఒక్కొక్క పాటా ఎక్కించి రెండు రోజుల్లో ఇచ్చేవాళ్లం. చీటీలో పాటలన్నీ ఎక్కించాక క్యాసెట్టు ఒక్కో వైపునా రెండు మూడు నిమిషాల టేపు మిగిలిపోయేది. దాన్ని ఖాళీగా వదలడానికి సాయిబు గారు ససేమిరా ఒప్పుకునేవారు కాదు. ఖాళీ టేపు చేతికివ్వడమంటే భోజనానికి పిలిచి చారు దగ్గరే లేపేయడం అని ఆయన లెక్క. అందుకని మిగిలిన చోట ఏదో ఒక పాట, మా ఇష్టం వచ్చింది, పట్టినంత మేరకు పోసేవాళ్లం. ఏ పాట పోయాలన్నది మాత్రం పూర్తిగా నా చేతిలో ఉండేది, ఆ కొట్టులో నాకున్న పెత్తనం అదొక్కటే.

ఆ రోజుల్లోనే మా చేతికి ఆమె పాట ఉన్న ప్లేటు వచ్చింది. ఏదో విదేశీ ఓడలో వంటవాడు, పాడైపోయిన ట్రాన్సిస్టరు పట్టుకొచ్చి, అది మళ్లీ మాట్లాడేసరికి ఎంత సంబరపడ్డాడంటే, సంచిలోంచి ఒక పెద్ద ప్లేటు తీసి సాయిబు గారి చేతిలో పెట్టి దండం పెట్టి వెళ్లిపోయాడు. అట్ట మీద బొమ్మ లేదు, ఉత్త నల్ల కాగితం సంచి, నడుమ చిల్లు. లేబులు మీద ఒక పేరు ఉంది గానీ ఆ పేరు ఆడదో మగదో చెప్పే చదువు మా ఇద్దరికీ లేదు. పెద్ద ప్లేటయితే నిమిషానికి ముప్ఫైమూడు చుట్లు, చిన్న ప్లేటయితే నలభైఐదు, ఇదీ నేను నేర్చుకున్న వేగాల సూత్రం. చేతికి పెద్ద ప్లేటు తగిలితే లేబులు మీద సన్న అక్షరాల జోలికి పోయే అలవాటు మా వృత్తిలో ఎవరికీ లేదు. డిస్కో వాళ్లు పెద్ద ప్లేటు మీద ఒక్కటే పాట వేసి దాన్ని నలభైఐదులో తిప్పుతారని మాకెవరు చెప్పాలి? వేగం మార్చే మీటను ముప్ఫైమూడు దగ్గరే ఉంచి సూది దించాను.

ఎద్దుబండి నడకలో డ్రమ్ము మొదలైంది. ఆ వెనకాల ఒక గొంతు వచ్చింది. బరువైన మగ గొంతు, కాస్త జీర, ఒక్కో మాటనూ మోయలేక మోస్తూ తెచ్చి మన ముందు పెడుతున్నట్టు ఉంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. సాయిబు గారు చేతిలో సాల్డరింగ్ ఐరన్ కింద పెట్టేసి పాట అయిపోయేదాకా విన్నారు, అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎవుడో గానీ సానా కష్టం సూసినోడు, బాబూ," అన్నారు.

ఇంక నన్ను పట్టుకునేవాళ్లు లేకపోయారు. మిగిలిన టేపులోకి అదే పాట పోయడం మొదలుపెట్టాను. భక్తి పాటల క్యాసెట్టు చివర అదే, పెళ్లి బాజాల క్యాసెట్టు చివర అదే, హరికథ తోకకీ అదే. కొందరికి ఒక చరణం దక్కేది, కొందరికి సగం చరణం, ఒకాయనకు మరీ పాపం డ్రమ్ము మాత్రమే పట్టింది. ఆరు నెలలు తిరిగేసరికి జనం కొట్టుకొచ్చి, మొన్న మా క్యాసెట్టు ఆఖర్న తెగిపోయిన ఆ నిదానం పాట మొత్తం ఇవ్వండని అడగడం మొదలెట్టారు. పేరు అదే స్థిరపడిపోయింది. మంగలి షాపుల్లోనూ, దర్గా కొండ కింద టీ దుకాణాల్లోనూ ఆ నిదానం పాట నా చెవిన పడినప్పుడల్లా, నిజం చెప్పొద్దూ, పాడింది నేనే అన్నంత గర్వంగా ఉండేది.

ఆ పాటను అందరికన్నా ఎక్కువ ప్రేమించినవాడు మా బావ. ఆయనది సహజంగానే లోతైన గొంతు. రామనవమి పందిళ్లలో ఆయన పాడుతుంటే మైకు అక్కర్లేదనేవారు. నేనిచ్చిన క్యాసెట్టును వెనక్కీ ముందుకీ తిప్పి తిప్పి, వినబడ్డ ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలో రాసుకుని, అర్థం తెలియకుండానే మొత్తం పాట కంఠతా పట్టాడు. అంత నిదానంగా నడిచే పాట కాబట్టి ఏ మాటా జారిపోలేదు. ఆయన పాడితే మా అక్క కూరగాయలు తరగడం ఆపి వినేది. ఇంటికి వచ్చిన వాళ్లందరికీ, మా బావమరిది చెయ్యి పడితేనే పాట పాటవుతుందని నన్ను చూపించి మరీ చెప్పేవాడు.

బావ పని ఓడల్లోకి ఇనప రాయి ఎక్కించే చోట. ఆ ఎర్ర దుమ్ము సంగతి ఆ చుట్టుపక్కల బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆయన చొక్కా నానేస్తే బకెట్టులో నీళ్లు పారాణి కలిపినట్టు అయ్యేవి. దగ్గితే కళ్లె కూడా ఎర్రగానే పడేది. గుండెల్లో గురగుర మొదలయ్యాక డాక్టరు పరీక్షించి, ఈ దుమ్ములోంచి బయటపడకపోతే ముందు గొంతు పోతుంది, ఆ తరవాత ఊపిరి పోతుందని మొహం మీదే చెప్పేశాడు. వేరే పనిలోకి మార్చమని బావ పెట్టుకున్న అర్జీలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

అప్పుడు దొరికింది ఒక దారి. పరాయి దేశాల నుంచి వచ్చే నావికుల కోసం హార్బరు దగ్గర ఒక చిన్న క్లబ్బు ఉండేది. ఇప్పుడు ఆ క్లబ్బూ లేదు, ఆ మేడా లేదు. పగలు స్టోరులో పని, సాయంత్రం బ్యాండుతో కలిసి నాలుగు ఇంగ్లీషు పాటలు, అలాంటి మనిషి ఒకడు కావాలని అక్కడి మేనేజరు ఎవరితోనో అన్నాడట. ఆ మాట చెవులు మారి మా బావ దాకా వచ్చింది. శనివారం సాయంత్రం వచ్చి ఒక పాట పాడి చూపించమన్నారు. ఏ పాటో మా ఇంట్లో చర్చే జరగలేదు. అక్క ఆ వారమంతా చల్లటిదేదీ ఇంటి గడప తొక్కనివ్వలేదు, పొద్దునా సాయంత్రం మిరియాల పాలు. మొగుడు దుమ్ములోంచి బయటపడతాడని ఆవిడ పెట్టుకున్న ఆశ ఎంతో, ఆ గ్లాసు పట్టుకుని ఆయన తాగేదాకా పక్కనే నిలబడే తీరులో కనిపించేది.

శనివారానికి ముందు మంగళవారం మధ్యాహ్నం, ఎవరి క్యాసెట్టుకో తోక పోస్తూ ఆ పాట తిప్పుతున్నాను. ఒక కుర్ర నావికుడు, తెల్లవాడు, ఏదో వైరు కోసం కొట్టులోకి వచ్చాడు. పాట విని ముందు మొహం చిట్లించాడు, తరవాత నవ్వాడు, ఇంకాసేపటికి పొట్ట పట్టుకుని నవ్వాడు. వంగి లేబులు చూసి, నన్ను అడగనైనా అడగకుండా, వేలితో మీటను నలభైఐదు దగ్గరికి తోశాడు.

ఎద్దుబండి మాయమైంది. డ్రమ్ము ఉరకలేసింది, దాని మీద ఒక ఆడమనిషి గొంతు ఎగిసి వచ్చింది. ఏం గొంతు అది! అందులో కష్టం లేదు, బరువు లేదు, ఏడుపు అసలే లేదు. సంతోషం పట్టలేక పాడుతోంది, పాడుతూ మధ్యలో ఒకచోట ఫక్కున నవ్వింది కూడా. ఆ నవ్వునే మేము మూడేళ్లుగా మూలుగు అనుకుంటూ కళ్లు తుడుచుకుంటున్నామన్నమాట. నాకు తల తీసేసినట్టయింది. నావికుడు వైరు పుచ్చుకుని ఈలేసుకుంటూ వెళ్లిపోయాడు.

సాయిబు గారు పాట పూర్తిగా విన్నారు.

"ఏటిది బాబూ, ఆడమనిసా?" అని అడిగి, ఆ వెంటనే, "యా అల్లా, మీ బావ! ఈవేళే సెప్పీ బాబూ. ఇంటికి ఎల్లగానే సెప్పీ," అన్నారు.

చెప్పాలనే వెళ్లాను. బావ కళ్లు మూసుకుని సాధన చేస్తున్నాడు, అక్క గుమ్మంలోనే నోటి మీద వేలుంచి నన్ను ఆపేసింది. సరే రేపు చెబుదాంలే అనుకున్నాను. బుధవారం ఆ బ్యాండు వాళ్లకు ఈ పాట తెలిసుండదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గురువారం అసలు వేగంలో రికార్డు చేసిన క్యాసెట్టు ఒకటి చొక్కా జేబులో వేసుకుని వెళ్లాను. ఆ సాయంత్రం ఎవరో చుట్టాలొస్తే బావ వాళ్లతో మళ్లీ నా పనితనం గురించి చెబుతున్నాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుని పడుకున్నాను, క్యాసెట్టు జేబులోనే ఉంది. శుక్రవారం సాయిబు గారు, చెప్పావా అని అడిగారు. చెప్పాను అన్నాను. అంత తేలిగ్గా అబద్ధమాడగలనని నాకు అంతకు ముందు తెలియదు. ఆ ఇంట్లో నేను తినేది బావ సంపాదన, పడుకునేది బావ నేసిన మంచం మీద, నాకంటూ ఉన్నదల్లా చెవి ఉన్నవాడనే పేరొక్కటే. దాన్ని పోగొట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. సమర్థించుకోవడానికి చెప్పడం లేదు, జరిగింది అది.

శనివారం సాయంత్రం అక్క ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని బావ ముందు, నేను వెనక, సిటీ బస్సులో వెళ్లాం. క్లబ్బులో పదిమంది నావికులు, ముగ్గురి బ్యాండు. లేబులు మీద చూసి రాసుకున్న పాట పేరు చెప్పగానే గిటారు అతను హుషారుగా తలూపాడు. వాళ్లకు ఆ పాట తెలుసు. అసలు వేగంలోనే ఎత్తుకున్నారు. బావ మైకు పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు తెలిసిన పాట రాలేదు, ఇంకేదో పాట వచ్చింది. గిటారు అతను ఆపి, నవ్వి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. బావ మళ్లీ అలాగే నిలబడి నా వైపు చూశాడు. నేను గోడ పక్క కుర్చీలో ఉన్నాను. లేచి వెళ్లి, అయ్యా కాస్త నిదానంగా వాయించండి అంటే సరిపోయేది. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. లేవలేదు.

మూడోసారి బావ చెయ్యెత్తి వాయిద్యాలు ఆపించి, తనంతట తాను, తనకు తెలిసిన నడకలో మొదలుపెట్టాడు. ఎంత బాగా పాడాడో చెబితే మీరు నమ్మరు. ఒకరిద్దరు నావికులు నవ్వారు, ఎగతాళిగా కాదు, ఇదేమిటిలా ఉందన్నట్టు. మిగిలినవాళ్లు డ్యాన్సు కోసం వచ్చినవాళ్లు, వాళ్లు వెళ్లి బల్లల దగ్గర కూర్చున్నారు. మేనేజరు మర్యాదస్తుడు, గొంతు బాగుంది, మరోసారి కబురు చేస్తానన్నాడు. ఆ వచ్చే వారమే ఒక కాలేజీ కుర్రాణ్ని పెట్టుకున్నాడని విన్నాం.

తిరుగు బస్సులో బావ కిటికీ పక్కన కూర్చుని అన్నాడు.

"పాట మర్సిపోనాన్రా బావా. అంతమంది దొరల్ని సూసీసరికి బెదిరిపోనాను."

"పోన్లే బావా, ఇంకోపాలి సూద్దాం," అన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

క్లబ్బులో జరిగింది విన్నాక సాయిబు గారికి నా అబద్ధం తెలిసిపోయింది. బావకు చెప్పుకోవలసింది నువ్వేనని నాకే వదిలేసి, వారంరోజులు నాతో మాట్లాడలేదు. తరవాత, తప్పు పాట పట్టుకెళ్లిన వాళ్లందరికీ ఉచితంగా సరైన పాట ఎక్కించి ఇమ్మన్నారు. వచ్చినవాళ్లకు అసలు పాట వినిపిస్తే, ఇదేం గోల బాబూ, మా నిదానం పాట మాకిచ్చెయ్ అని దాదాపు అందరూ గొడవ పెట్టారు. దాంతో ఆ కొట్టు ఉన్నన్నాళ్లూ వన్‌టౌన్‌లో ఆ పాట ముప్ఫైమూడులోనే తిరిగింది. సాయిబు గారు తల కొట్టుకున్నారు. ఇంకెప్పుడైనా అయితే నేనూ నవ్వేవాణ్ని.

నాకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి ఇటు వచ్చేశాను. బావ ఆ ఎర్ర దుమ్ములోనే రిటైరయ్యేదాకా పనిచేశాడు. పాడటం మాత్రం ఆ శనివారంతో మానేశాడు, పందిళ్లలోనే కాదు, ఇంట్లో స్నానం చేసేటప్పుడు కూడా. అక్క కొన్నాళ్లు అడిగి, ఇక అడగడం మానేసింది. ఇప్పుడు వాళ్లు సబ్బవరంలో ఒక కొత్త కాలనీలో చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నారు. బావ మాట్లాడితే ప్రతి నాలుగు మాటలకూ ఊపిరి కోసం ఆగాలి.

పేపరులో ఆ వార్త చూసిన మర్నాడే వెళ్లాను. అక్క టీ పెట్టడానికి లోపలికి వెళ్లినప్పుడు మొత్తం చెప్పేశాను, మీట సంగతి, లేబులు సంగతి. ఫోనులో అసలు పాట పెట్టి వినిపించాను. బావ తల పక్కకు వాల్చి, పాటగాడు పాటగాణ్ని వినేటట్టు విన్నాడు. నవ్వు వచ్చిన చోట ఆయన కూడా నవ్వాడు.

"మహా బాగా పాడింది," అన్నాడు. ఆ తరవాత, "ఆడమనిసని నీకు ఎప్పుడు తెలిసిందిరా?" అని అడిగాడు.

కోపంగా అడగలేదు, ఊరికే అడిగాడు. తరవాతెప్పుడో అని చెప్పినా నమ్మేవాడు. ఈ ఒక్కసారి మాత్రం అబద్ధం నోటికి రాలేదు. శనివారానికి నాలుగు రోజుల ముందు అన్నాను.

బావ నన్ను తిట్టలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, ఊపిరి అందేదాకా ఆగి, ఒక్క మాటన్నాడు.

"నాలుగ్రోజులా... నాలుగ్రోజుల్లో నేర్సీసుకుందునురా."

అక్క టీ తెచ్చింది. తాగి వచ్చేశాను.

మన ఈడువాళ్లు నలుగురు కలిస్తే క్యాసెట్ల కాలం ఎంత బాగుండేదో అని మొదలుపెడతారు. ఒక పాట మన దాకా రావాలంటే ఎన్ని చేతులు మారి రావాలో, ఎంత ఎదురుచూపో, దొరికితే ఎంత అపురూపమో అని. నేనూ అవునవును అంటూనే వచ్చాను ఇన్నేళ్లూ, అందులో అబద్ధమూ లేదు. ఇప్పటి పిల్లలకు ఒక పాట ఎవరు పాడారో, ఏ వేగంలో పాడారో, పాడిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. వాళ్లకు ఆ అపురూపం తెలియదని నాకూ కాస్త జాలి ఉండేది. సబ్బవరం వెళ్లొచ్చాక అది పోయింది. నిజం తెలుసుకోవడానికి ఇప్పుడు ఎవరూ ఇంకొకరు నోరు విప్పేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు. ఆ నాలుగు రోజులూ మా బావకు, ఈ భూమ్మీద, నా నోరు తప్ప వేరే దారి లేదు.